దట్టీ కింది పాదాలు

"గుడ్డ మీద చెయ్యెయ్యమాక. చెప్తన్నా చాంద్ బీ, చెయ్యి తియ్యి."

హజ్రా బీ కోడలి మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ పట్టు ముసలిది కాదు.

మంచం మీద ఇస్మాయిల్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు పాదాలకీ చీలమండల పైదాకా పీరుకి కట్టే ఆకుపచ్చ గుడ్డ, దట్టీ, చుట్టి ఉంది. పీర్ల చావిడి చూసుకునే ముజావరు జాన్ సాహెబ్ తన చేత్తోనే చుట్టాడు. నలభయ్యో దినం దాకా విప్పగూడదని ఊరందరి ముందు ముడేశాడు. అందాకా పాదాలు నేలకి తగలగూడదన్నాడు. పీర్ల పండగ గుండం తొక్కి ఇవాళ్టికి నాలుగో పొద్దు. దట్టీ అంచున తడి ఊరి, పచ్చరంగు నల్లబడింది.

"అత్తా, నీ ముక్కు పనిచేస్తందా?"

"ఊదు వాసన."

"ఊదు కింద ఇంకో వాసనుంది. ఎలక చచ్చిన వాసన."

"నోటికొచ్చినట్టు వాగమాక. నిప్పుల గుండాన్ని మగాళ్ళు మూడంగల్లో దాటేస్తారు. నా కొడుకు పీరునెత్తుకుని మజ్జలో నిలబడ్డాడు. నింపాదిగా నడిచొచ్చాడు. కన్ను కూడా ఆర్పలా. ఊరు ఊరంతా చూసింది."

"ఆయన పాదాలకి ఏం తెలవదత్తా. అందుకని నిలబడ్డాడు. బక్రీదు అయినాక బొటనేలి గోరు ఊడిపోతే, నేల మీద నెత్తురు చూసి గందా తెలుసుకున్నాడు. ఆ నెత్తురు కడిగింది నువ్వే."

హజ్రా బీ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "మెల్లిగా. గోడవతల మనుషులున్నారు."

"ఉండనీ."

"దానయ్యకీ ముందు గోరే పోయింది."

దానయ్య నాపరాయి క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. పాదం మొద్దుబారిందని ఎవరితోనో నోరుజారాడు. తంగెడపాలెం ఊరికి డాక్టరు లేడు గానీ తీర్పు చెప్పటానికి అందరూ డాక్టర్లే. పొద్దుగూకేసరికి అది పెద్దరోగమని తేల్చారు. కుష్టు అనే మాట నోటితో అనరు, అంటే అంటుకుంటుందని భయం. ఆ మనిషిని మాత్రం క్వారీ అవతలికి తరిమి గుడిసె వేయించారు. అతను అక్కడే బతుకుతున్నాడో పోయాడో అడిగిన నాథుడు లేడు.

"అందుకనే నోరు మూసుకోమంటన్నా," అంది హజ్రా బీ. "పీరు మన పరువు కాపాడాడు. నువ్వు తియ్యమాక."

చాంద్ బీ మణికట్టు విడిపించుకుంది. "క్షయ బిళ్ళలు ఇయ్యాల కూడా వేసుకోలా ఈయన."

"జాన్ సాహెబ్ మామ వద్దన్నాడు. పీరు బాగుచేసినాక ఇంగ్లీషు బిళ్ళ మింగితే నమ్మకం లేనట్టంట."

"ఉగాది నించి మింగుతున్న బిళ్ళలు. దగ్గులో నెత్తురు ఆపింది ఆ బిళ్ళలే. నువ్వు చెప్పవయ్యా. పెదాలు కుట్టారా నీకు?"

ఇస్మాయిల్ భార్య ముఖం చూడలేదు. వాకిట్లో తాటాకు పందిరి కింద వరసగా పెట్టిన స్ప్రేయర్ల వైపు చూశాడు. పత్తికి పురుగు పట్టే కాలం. ఊళ్ళో రైతుల స్ప్రేయర్లన్నీ రిపేరుకి అతని దగ్గరికే రావాలి. మోటారు శబ్దం విని రోగం చెప్పగలడు. తన రోగం దగ్గరికొచ్చేసరికి మూగవాడైపోయాడు.

"చాందూ, దగ్గు మొదలైన కాడి నించి ఈ ఊళ్ళో నాకెవడన్నా చేత్తో చెయ్యి కలిపాడా?" అన్నాడు చివరికి. "స్ప్రేయరు తెచ్చి వాకిట్లో పడేసి, దూరంగా నిలబడి, తువ్వాల ముక్కుకి అడ్డం పెట్టుకుని మాట్లాడేటోళ్ళు. టీకొట్టు కాడ నాకు కొబ్బరిచిప్ప పెట్టారు, గ్లాసు కాదు. ఇయ్యాల అదే ఊరు నా కాలు నెత్తిన పెట్టించుకుంటంది. మల్లికార్జునరావు గారు, కమ్మోరి ఆసామి, నన్ను చేతుల మీద మోసుకుపోతన్నాడు. నన్ను దిగమని ఎట్టా అంటావు?"

"కాలు ఉంటే గందా నెత్తిన పెట్టటానికి."

"ఉన్నన్నాళ్ళు పెడతా."

చాంద్ బీ భర్త వైపు తిరిగింది. అది నమ్మకం ఉన్నవాడు అనే మాట కాదు. ఇంకేదో. అడగబోయేంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. "పీరు సాహెబుని ఎత్తుకుపోదామా?" అంటూ నలుగురు మగాళ్ళు లోపలికొచ్చారు. ఇస్మాయిల్‌ని చేతుల కుర్చీ కట్టి లేపారు. వాసన వాళ్ళకీ తగిలింది. ఒకడు మొహం తిప్పుకుని, మళ్ళీ భక్తిగా పెట్టుకున్నాడు.

వాళ్ళు గడప దాటగానే చాంద్ బీ అటక మీది రేకు డబ్బా దించింది. అందులో మింగని బిళ్ళలన్నీ ఉన్నాయి.

"యాడికే?" అంది అత్త.

"ఆస్పత్రికి."

"నేను పోనియ్యను."

"అడ్డం పడుకో అత్తా. దాటి పోతా."

*

టౌను ఆస్పత్రిలో క్షయ గది ముందు వరస గేటు దాకా ఉంది. దగ్గేవాళ్ళంతా ఒకే చెట్టు నీడలో కూర్చున్నారు. లోపల డాక్టరు ప్రభాకరరావు తల ఎత్తకుండా చీటీలు రాస్తున్నాడు.

"పేషెంటేడి?"

"రాలేడు సార్."

"పేషెంటు రాకుండా బిళ్ళలివ్వం. తర్వాత ఎవరు?"

"బిళ్ళల కోసం రాలా. మీరిచ్చినయ్ అట్టానే ఉన్నయ్." చాంద్ బీ డబ్బా బల్ల మీద బోర్లించింది.

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. "ఎవడు మానెయ్యమన్నాడు?"

చాంద్ బీ చెప్పింది. గుండం, దట్టీ, దట్టీ లోపల పాదాలకి పూసిన గుండం బూడిద, వాసన. దాచకుండా అన్నీ చెప్పింది. మొద్దుబారిన సంగతి దగ్గర మాత్రం గొంతు తగ్గించింది. వెనక వరసలో తెలిసినవాళ్ళు ఉన్నారేమోనని.

"మొద్దుబారటం ముందా, మంటలు ముందా?"

"మంటలు ముందు. రాత్రిళ్ళు కాళ్ళు బకెట్టు నీళ్ళల్లో పెట్టుకుని కూసునేటోడు. తర్వాత చీమలు పాకినట్టుందనేటోడు. తర్వాత ఏం లేదు. నేను గిల్లినా తెలవదు."

"రెండు పాదాలా?"

"రెండూ."

"బిళ్ళలు మొదలెట్టక ముందు ఉందా ఇది?"

"లేదు సార్."

"ఒంటి మీద మచ్చలు? రాగిరంగువి, తెల్లవి?"

"నేను చూసినంతలో లేవు."

డాక్టరు కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "తినటానికి ఏం పెడుతున్నావు?"

చాంద్ బీ నిటారుగా నిలబడింది. ఈ ఒక్క ప్రశ్నకి ఆమె దగ్గర తలెత్తుకుని చెప్పే జవాబుంది. "పథ్యం సార్. ఒక్క పూట తప్పలా. ఇంగ్లీషు బిళ్ళ వేడి గందా. గుడ్డు బంద్. మాంసం బంద్. పప్పు వాతం. అరటిపండు చలవ, ఊపిరికి పడదని ఇయ్యలా. ఆకుకూర తింటే దగ్గు రేగుద్దని మా అత్త మానిపిచ్చింది. కంట్రోలు బియ్యం మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి, మిరియాల చారుతో పెడతన్నా. బక్రీదుకి ఇంట్లో కూర వండితే ఆ వాసన కూడా తగలకుండా ఆయన్ని పక్కింట్లో కూసోబెట్టా."

ప్రభాకరరావు పెన్ను కింద పెట్టాడు.

"అమ్మా, ఈ బిళ్ళ క్షయ పురుగుని చంపుతుంది. చంపుతూనే, నరాలకి బలమిచ్చే ఒక విటమినుని ఒంట్లోంచి తోసేస్తుంది. అందుకని దీంతోపాటు ఇంకో చిన్న బిళ్ళ ఇవ్వాలి. గుడ్డులో, పప్పులో, మాంసంలో, అరటిపండులో ఉండేది కూడా ఆ విటమినే. అవన్నీ నువ్వు ఆపేశావు."

చాంద్ బీ బల్ల మీది బిళ్ళలు ఏరి డబ్బాలో వేసింది. తర్వాత అడిగింది. "నేను ఆపా. సరే. మీ చిన్న బిళ్ళేది?"

"స్టాకు రావట్లేదు. బయట కొనుక్కోమని చీటీలో రాస్తున్నాం."

"చీటీలో రాశారు. నోటితో చెప్పలా."

"ఇంతమందికి..."

"ఆయన కాళ్ళ మంటలని చెప్పాడు సార్, శ్రావణంలో. ఈ గదిలోనే. నేను పక్కనే ఉన్నా. 'బలహీనత, తగ్గుద్ది, నడువ్' అన్నారు. మీరు అన్నారో మీ ముందున్నాయన అన్నాడో. ఈ కుర్చీ అంది."

గదిలో కాంపౌండరు దగ్గు ఆపుకున్నాడు. డాక్టరు చీటీల కట్ట ముందుకి లాక్కున్నాడు.

ఏం చెప్తాడు? ఆ చిన్న బిళ్ళ బంగారంతో చేసింది కాదు. టీ నీళ్ళ కంటే చవక. పెద్ద బిళ్ళలు లారీల్లో వస్తాయి, వాటి పక్కన ఉండాల్సిన చిన్నది రాదు. రానందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. పేదవాడికి సగం మందు పంపి, ఆ సగం మందే వాడి కాళ్ళు తినేస్తుంటే, 'పథ్యం ఎవరు చెయ్యమన్నారు' అని పేదవాడి పెళ్ళాన్నే అడుగుతారు. పథ్యం చెయ్యమన్నది ఆమె తల్లి, ఆ తల్లి తల్లి. చెయ్యొద్దని చెప్పటానికి ఎవరూ ఆమె గుమ్మం తొక్కలేదు.

"పెద్దరోగం కాదు గదా సార్?" అంది చాంద్ బీ. ఆమె వచ్చింది ఈ ఒక్క మాట కోసమే.

"నువ్వు చెప్పినదాన్నిబట్టి కాదనే అనుకుంటున్నా."

"అనుకోటం కాదు. కాదని చెప్పండి. ఊళ్ళో చెప్పుకోవాలి."

"పాదం చూడాలి, నరం పట్టి చూడాలి. చూస్తేగానీ చెప్పలేను."

"నరాలు మళ్ళా వస్తయ్యా?"

"మందు, తిండి సరిగ్గా పడితే మెల్లిగా చాలామందికి వస్తుంది. ఇప్పుడు భయం అది కాదు. కాలిన పాదానికి బూడిద పూసి గుడ్డ బిగించారు. వాసన కొడుతోందంటున్నావు. ఆ కుళ్ళు పైకెక్కితే ఏ విటమినూ ఏం చెయ్యదు. క్షయ బిళ్ళలు మధ్యలో ఆపితే ఆ పురుగు ఇంకా మొండిదై లేస్తుంది, తర్వాత ఈ బిళ్ళలకి లొంగదు. ఇవాళ సాయంత్రం లోపల తీసుకురా. నేనుంటా. రేపు తెచ్చావంటే పాదం గురించి మాట్లాడను, మోకాలి గురించి మాట్లాడతా."

తిరుగు బస్సులో చాంద్ బీ కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో ఎవరో ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒలిచి, ఉప్పూ కారం అద్ది, పిల్లాడి నోట్లో పెట్టారు. ఆమె తల తిప్పుకుంది. ఇస్మాయిల్ ఒక రోజు గుడ్డు అడిగాడు. ఒక్కటి చాలన్నాడు. "చావాలనుందా?" అని కసిరింది తను.

*

చావిడి ముందు జనం పల్చబడలేదు. క్రోసూరు నించి కూడా వచ్చారు. అరుగు మీద పరుపేసి ఇస్మాయిల్‌ని కూర్చోబెట్టారు. పక్కన జాన్ సాహెబ్ నెమలీకల కట్టతో ఈగలు తోలుతున్నాడు. ఈగలన్నీ పాదాల చుట్టే మూగుతున్నాయి.

మాలపల్లె ఫిలోమినా వంతు వచ్చింది. జ్వరంతో కాగుతున్న బిడ్డని వంచి, దట్టీ చుట్టిన పాదం కింద తల పెట్టింది. మెడలో శిలువ ఊగుతోంది. జ్వరానికి మతం ఏముంది, అన్ని గుమ్మాలూ తొక్కిస్తుంది.

"ఫిలోమినక్కా, బిడ్డని తియ్యి," అంది చాంద్ బీ.

"ఒక్క నిమిషం చాందమ్మా."

"తియ్యమంటన్నా. ఆ కాలు కుళ్ళింది."

నెమలీకలు ఆగిపోయాయి.

జాన్ సాహెబ్ మెల్లగా నవ్వాడు. మంచివాడే. ఊళ్ళో ఎవరు చచ్చినా ముందు గొయ్యి దగ్గరికి వచ్చేవాడు అతనే. "ఎండన బడి వచ్చినట్టున్నావు పిల్లా. ఇంటికి పోయి మంచినీళ్ళు తాగు."

"ఆస్పత్రికి పోయొచ్చా మామా. పొద్దుగూకే లోపల ఈయన్ని తీసుకురమ్మన్నారు. బస్సు వచ్చే టయం అయింది. దట్టీ విప్పండి."

"నలభయ్యో దినం."

"నలభయ్యో దినానికి విప్పటానికి పాదం ఉండదు. మామా, నీ మీద నాకు కోపం లేదు. ఆయన పాదాలకి తెలివిడి లేదు. గుండం ముందునించీ లేదు. నిప్పు తగిలినా, మేకు దిగినా తెలవదు. అందుకని నిలబడ్డాడు మజ్జలో."

జనంలో గుసగుస మొదలైంది. చాంద్ బీ ఆ గుసగుసలోనే ఆ మాట వింది. పెద్దరోగం. ఒకరు అన్నారు, పక్కవాళ్ళు అందుకున్నారు.

"అది కాదు," అంది గట్టిగా. "క్షయ బిళ్ళలు పడక వచ్చింది. ఒంట్లో విటమిను లేక నరాలు చచ్చినయ్. డాక్టరే చెప్పాడు."

"డాక్టరు కాలు చూశాడా?" అడిగింది ఫిలోమినా. బిడ్డని అప్పటికే చంకనేసుకుంది.

చూశాడని ఒక్క అబద్ధం ఆడితే చాలు. ఎదురుగా అన్ని మొహాలు. చాంద్ బీ ఆడలేకపోయింది.

"చూస్తేగానీ చెప్పలేనన్నాడు."

ఊరికి ఆ నిజం సరిపోయింది. ఫిలోమినా పైట కొంగుతో బిడ్డ నెత్తి రుద్దింది. మళ్ళీ మళ్ళీ రుద్దింది. బిడ్డ కేరుమంది.

జాన్ సాహెబ్ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ ఇస్మాయిలూ, నీ పెళ్ళానికి నువ్వే చెప్పరా. గుండంలో నీకెట్టా ఉంది? పూల మీద నడిచినట్టు చల్లగా ఉందా లేదా? అందరూ వినేటట్టు చెప్పు."

ఇస్మాయిల్ తల వంచుకునే ఉన్నాడు. ఆ మాట అతను ఎప్పుడూ అనలేదు. నాలుగు రోజులుగా అతని తరపున జాన్ సాహెబే అంటున్నాడు.

"చల్లగా లేదు మామా."

"మరి?"

"వేడిగానూ లేదు. ఏం లేదు." అతను తల ఎత్తాడు. "గుండం కాడ పీరుని నేనొకటే అడిగా. నన్ను కాల్చు తండ్రీ అని. మంట తెలిస్తే ఇది పెద్దరోగం కాదని నమ్ముకుందామని. అంగ ఏశా, తెలవలా. ఇంకో అంగ ఏశా, తెలవలా. మజ్జలో నిలబడింది మహిమ కోసం కాదు. ఇప్పుడన్నా తెలుస్తదేమోనని నిలబడ్డా. మీరంతా కేకలేశారు, చప్పట్లు కొట్టారు. నేను గుండంలోంచి పెద్దరోగమోడినై బయటికొచ్చా. అదే నాకు తేలింది."

చాంద్ బీకి పొద్దున్నటి మాట అప్పుడర్థమైంది. ఉన్నన్నాళ్ళు పెడతా అన్నాడు. బిళ్ళలు మానేసింది నమ్మకంతో కాదు. ఇంకెందుకని మానేశాడు.

"నాతో ఎందుకు చెప్పలా?" అంది. ఊరంతా చూస్తోందని మరిచిపోయింది.

"చెప్తే నువ్వూ దూరంగా నిలబడతావేమోనని."

ఆమె అరుగెక్కి అతని పాదాల దగ్గర కూర్చుంది. ముడి విప్పబోయింది. ఇస్మాయిల్ ఆమె చేతులు తప్పించి, తనే విప్పాడు. బోల్టు విప్పినట్టు నిదానంగా, మొహం పక్కకి తిప్పకుండా విప్పాడు. దట్టీ చివరి చుట్టు చర్మంతో కలిసి ఊడొచ్చింది. అతనికి నొప్పి లేదు. నొప్పంతా చూసేవాళ్ళకే. అరికాళ్ళు నల్లగా ఉడికి, బూడిద పెచ్చుల సందుల్లోంచి పసుపచ్చగా కారుతోంది. కుడికాలి వాపు పిక్క దాకా ఎక్కింది.

జనం వెనక్కి జరిగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలల్లా జరిగారు.

"నా స్ప్రేయరు వాడి పందిట్లోనే ఉందిరా," అన్నాడు మల్లికార్జునరావు, పక్కవాడితో. పొద్దున ఇస్మాయిల్‌ని మోసిన చేతుల్ని పంచెకి తుడుచుకున్నాడు. తర్వాత నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచాడు. మోసిన మిగతా ముగ్గురూ అతని వెనకే వెళ్ళారు.

"పీరునెత్తుకున్న చేతులు," అన్నాడు జాన్ సాహెబ్ గుండె బాదుకుంటూ. "నా చేతులతో ఇచ్చా వీడికి పీరుని. నన్నేం చేస్తారు ఇప్పుడు?" అతను అడిగింది జనాన్ని కాదు, చావిడి లోపలి చీకటిని.

రోడ్డు మీద బస్సు హారను వినబడింది.

చాంద్ బీ అరుగు కింద వీపు వంచి నిలబడింది. "ఎక్కు."

"మొయ్యలేవు."

"క్షయ నిన్ను సగం తినేసింది. మోస్తా. ఎక్కు."

అతను ఆమె మెడ చుట్టూ చేతులేశాడు. జనం దారిచ్చారు. అంత వెడల్పు దారి ఆ ఊళ్ళో ఏ దొరకీ ఇచ్చి ఉండరు. ఆమె మోకాళ్ళు రెండుసార్లు మడతబడ్డాయి. రెండోసారి ఇస్మాయిల్ పాదం నేలకి రాసుకుంది. మట్టి మీద తడి చార పడింది.

బస్సు దగ్గర కండక్టరు ఫుట్‌బోర్డు మీద అడ్డంగా నిలబడ్డాడు. పాదాలు చూశాడు. "ఏందమ్మా అది? పెద్దరోగమా? ఎక్కించను. బండి నిండా జనమున్నారు."

"కాలింది. నిప్పుల మీద పడి కాలింది."

"కాలితే వాళ్ళంతా ఎందుకు అంత దూరాన నిలబడ్డారు?"

ఆమె బస్సు ముందు చక్రం దగ్గరికి నడిచింది. భర్తని రోడ్డు మీద దించి, టైరుకి వీపు ఆనించి తనూ కూర్చుంది. "నడుపుకో అన్నా. మా మీద నించి నడుపుకో."

డ్రైవరు హారను కొట్టాడు. తిట్టాడు. తాళం మీద చెయ్యి వేశాడు.

"ఇంజను ఆపమాక అన్నా," అన్నాడు ఇస్మాయిల్ టైరు దగ్గర్నించి. "బ్యాటరీ చచ్చింది నీది. ఆపితే ఎవరన్నా నెట్టాలి. నెట్టటానికి ఈ ఊళ్ళో ఇయ్యాల ఎవరూ దగ్గరికి రారు."

డ్రైవరు కిటికీలోంచి కిందికి చూశాడు. "నీకెట్టా తెలుసురా?"

"చప్పుడు."

బస్సులోంచి ఒకావిడ మూటతో దిగిపోయింది. ఆమె వెనక ఇద్దరు. తర్వాత తోసుకుంటూ దిగారు. దిగినవాళ్ళు కండక్టరుని తిట్టారు, డ్రైవరుని తిట్టారు, ఆ ఇద్దర్నీ తిట్టారు. బస్సు ఖాళీ అయింది.

"ఎక్కించరా ఇంక," అన్నాడు డ్రైవరు కండక్టరుతో. "ఎవరికి అంటుద్ది? సీట్లకా?"

కండక్టరు చెయ్యి వెయ్యలేదు గానీ ఫుట్‌బోర్డు వదిలాడు. చాంద్ బీ భర్తని చంకల కింద పట్టుకుని లోపలికి లాగింది. బస్సు కదిలింది.

అప్పుడు ఆమె కిటికీలోంచి వెనక్కి చూసింది.

జనం చావిడి దగ్గర లేరు. చాంద్ బీ వాళ్ళ సందు వైపు నడుస్తున్నారు. ముందు మల్లికార్జునరావు. వెనక కొందరు తుమ్మకంపలు ఈడ్చుకుపోతున్నారు. సందు నోటికి కంప కొట్టి మూయటానికి అన్ని కంపలు అక్కర్లేదు. ఇంటి చుట్టూ కొట్టటానికి కావాలి. ఇంట్లో హజ్రా బీ ఒక్కతే ఉంది.

"అన్నా," అంది చాంద్ బీ.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. అతనికీ కనబడింది. "ఆపమంటావా అమ్మా? ఆపితే నిన్ను దించటమే. మళ్ళీ నిన్ను ఎక్కనియ్యరు వాళ్ళు. నేనూ ఎక్కించలేను."

ఇస్మాయిల్ సీటు కమ్మీ పట్టుకుని లేవబోయాడు. "ఆపన్నా. మా అమ్మ."

చాంద్ బీ అతని భుజం మీద చెయ్యి వేసి అదిమింది. కిటికీలోంచి కళ్ళు తియ్యలేదు. సందు చివర తమ వాకిలి ఒక్క క్షణం కనబడింది. హజ్రా బీ గడప మీదికి వచ్చింది. ఇంతకాలం గోడవతల మనుషులకి జడిసి గొంతు తగ్గించిన ముసలిది, రోకలి రెండు చేతులా పట్టుకుని వాకిట్లోకి దిగింది. స్ప్రేయర్ల ముందుకొచ్చి నిలబడింది. ఏదో అరుస్తోంది. మాట వినబడలేదు.

"చాందూ, ఆపమను."

"పోనియ్యన్నా," అంది చాంద్ బీ.

డ్రైవరు గేరు మార్చాడు. ఇస్మాయిల్ ఆమె చెయ్యి విదిలించుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ముఖం వైపు పరాయిదాన్ని చూసినట్టు చూశాడు.

క్వారీ మలుపు వచ్చింది. వాకిలి కనబడకుండా పోయింది.